కరెంటు పోతే మీ నాస్ సేఫేనా? డిస్క్ అర్రేని ఆపే కరెక్ట్ పద్ధతి ఇదీ

మా మాచర్లలో వేసవి సాయంత్రం ఎలా ఉంటుందో తెలిసిందే. పగలంతా ఎండ మాడ్చేస్తుంది, చీకటి పడే టైమ్‌కి ఈదురుగాలి, వెంటనే కరెంటు కట్. పోయిన వేసవిలో ఓ రోజు అలాగే పోయింది. అప్పుడే మా బాబాయి ఫొటో స్టూడియోలో నాలుగు డిస్కుల నాస్‌లోకి పెళ్లి వీడియో కాపీ అవుతోంది. కరెంటు వచ్చాక బాక్స్ ఆన్ అయింది కానీ, రీసింక్ అంటూ రాత్రంతా డిస్కులు తిరుగుతూనే ఉన్నాయి. వీడియో ఫైల్ సగంలోనే తెగిపోయింది. కెమెరా కార్డు ఇంకా ఫార్మాట్ చెయ్యలేదు కాబట్టి బతికిపోయాం.

అసలు రిస్క్ ఎక్కడుంది?

చాలామంది డిస్క్ పాడవుతుందని భయపడతారు. ఇప్పటి హార్డ్ డిస్కులు కరెంటు పోగానే హెడ్‌ని వాటంతటవే పార్క్ చేసుకుంటాయి. అసలు సమస్య ర్యామ్‌లో ఉంది. స్క్రీన్ మీద "కాపీ పూర్తయింది" అని వచ్చినా, చివరి డేటా కాసేపు ర్యామ్‌లోనే ఉండొచ్చు. లైనక్స్‌లో డీఫాల్ట్‌గా ఇది 30 సెకన్ల దాకా ఉంటుంది.

రెయిడ్ 5 అయితే ఇంకో చిక్కు. డేటా ఒక డిస్క్‌లో, దాని పారిటీ ఇంకో డిస్క్‌లో రాస్తుంది. ఒకటి రాసి రెండోది రాసేలోపు కరెంటు పోతే రెండిటికీ లెక్క కుదరదు. దీన్నే రైట్ హోల్ అంటారు. ఆ తప్పు అప్పటికి కనపడదు. రేపు ఒక డిస్క్ పోయి, పారిటీ నుంచి డేటా తిరిగి కట్టాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది.

ఆపే వరుస

1. ముందు కాపీలు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఆపండి. పీసీల్లో నెట్‌వర్క్ డ్రైవ్ డిస్‌కనెక్ట్ చెయ్యండి.
2. స్టోరేజ్ స్టేటస్ చూడండి. రీబిల్డ్ నడుస్తుంటే అయ్యేదాకా ఆగడం మంచిది. అర్రే డిగ్రేడెడ్ అని ఉంటే ముందు బ్యాకప్ తీసుకోండి. పాత డిస్కులు ఒకసారి ఆగితే మళ్లీ తిరక్కపోవచ్చు.
3. అడ్మిన్ పేజీలోని మెనూ నుంచే షట్‌డౌన్ ఇవ్వండి. పవర్ బటన్ అలాగే నొక్కి పట్టుకుంటే చాలా బాక్సులు ఫోర్స్‌గా ఆగిపోతాయి, అది వద్దు.
4. లైట్లన్నీ ఆరి, డిస్కుల శబ్దం ఆగాకే స్విచ్ తియ్యండి.

సర్వర్ ఒకటి, డిస్కుల షెల్ఫ్ వేరే ఉంటే ముందు సర్వర్, తర్వాత షెల్ఫ్ ఆపాలి. ఆన్ చేసేటప్పుడు రివర్స్‌లో, ముందు షెల్ఫ్. తారుమారైతే డిస్కులన్నీ ఒకేసారి చచ్చిపోయాయని సర్వర్ అనుకుంటుంది.

ఇన్వర్టర్ ఉందిగా, చాలదా?

చాలదు. మన ఇళ్లలో ఉండే మామూలు ఇన్వర్టర్ కరెంటు ఇస్తుందే గానీ, "బ్యాటరీ అయిపోతోంది" అని నాస్‌కి చెప్పదు. యూఎస్‌బీ డేటా పోర్ట్ ఉన్న యూపీఎస్ కొనండి. సైనాలజీ, క్యూనాప్ లాంటి బాక్సుల్లో కంట్రోల్ ప్యానెల్‌లోనే యూపీఎస్ సెట్టింగ్ ఉంటుంది. కేబుల్ పెట్టి, బ్యాటరీ మీద 5 నిమిషాలు నడిచాక షట్‌డౌన్ అయ్యేలా పెట్టుకోండి. ఆ టైమ్‌కి బ్యాటరీ సరిపోతుందో లేదో చూడాలి కదా, అందుకే బ్యాకప్ తీసుకుని, కాపీలేవీ నడవనప్పుడు యూపీఎస్ ప్లగ్ పీకి టెస్ట్ చెయ్యండి.

గాలివానలో కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. రాగానే ఆన్ చెయ్యకండి, కాస్త నిలబడనివ్వండి.

చివరగా, రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానెయ్యకండి. బాబాయి స్టూడియోలో ఇప్పుడు యూపీఎస్ ఉంది. అయినా రెండో కాపీ వేరే డిస్క్‌లో పడేదాకా కెమెరా కార్డు ఫార్మాట్ చెయ్యనివ్వడం లేదు.