మీకు తెలుసా? తిలోనియాలో సౌరవిద్య

రాజస్థానమున అజ్మీరు జిల్లాయందలి తిలోనియా గ్రామములో బంకర్ రాయ్ 1972లో నెలకొల్పిన బేర్‌ఫుట్ కళాశాలకు, ఆఫ్రికా మొదలగు ఖండముల మారుమూల పల్లెలనుండి, అక్షరజ్ఞానము స్వల్పముగనో బొత్తిగ లేకయో యున్న స్త్రీలు, అందునను మనుమలనెత్తిన అమ్మమ్మలు పలువురు, ఏటేట వచ్చి, ఆరు మాసములు నివసించి, సౌరదీపములను కూర్చుటయు బాగుచేయుటయు నేర్చి స్వగ్రామములకు మరలిపోవుదురని మీకు తెలుసా? ఒకరి భాష వేరొకరికి రాదు. బోధించువారికిని వారి భాష రాదు. విడిభాగములను రంగులనుబట్టి గుర్తించుచు, సైగలతోడను, చేసి చూపుటతోడను విద్య సాగును. భారత ప్రభుత్వపు ఐటెక్ పథకము 2008 నుండి ఈ శిక్షణకు చేయూతనిచ్చినది.

శిక్షణ పొందిన పురుషులు ఉద్యోగార్థులై పట్టణములకు తరలిపోవుటయు, అమ్మమ్మ మాత్రము తన ఊరిని వీడకుండుటయు గమనించియే రాయ్ స్త్రీలను ఎన్నుకొనెను. పట్టా యేదియు ఇయ్యకపోవుట ఈ సంస్థ నియమములలో నాకు మిక్కిలి ప్రియమైనది. ఏలయన, ఆమె నేర్పునకు ఊరి వెలుగే తగిన సాక్ష్యము. ఆమె తిరిగి వచ్చిన పిమ్మట, అంతకుముందు కిరసనాయిలు మున్నగువానికి వెచ్చించుచుండిన సొమ్మునుండి ప్రతి కుటుంబమును నెలనెల కొంత రుసుము చెల్లింపగా, గ్రామసమితి దానినుండి ఆమెకు వేతనమిచ్చును.