వారసత్వపు వాటాల నుంచి కంప్యూటరు దాకా

ఒక ఇంటి పెద్ద కన్నుమూశాడు. అతని తల్లిదండ్రులు ముందే గతించారు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసీయతు పోగా మిగిలిన ఆస్తిని పంచాలి. ఖుర్ఆన్‌లోని నిసా సూరా ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినదాంట్లో కూతురికి వచ్చేదానికి రెట్టింపు ఒక్కో కొడుక్కి. నియమం అందరికీ తెలిసిందే. లెక్క దగ్గరకు వచ్చేసరికి మాత్రం చాలామంది తడబడతారు. ఎనిమిదింట ఏడు వంతుల్ని మళ్లీ అయిదు భాగాలు చేయాలి మరి! మొత్తం ఆస్తిని 40 వాటాలనుకుంటే చిక్కు విడిపోతుంది. భార్యకు 5, ఒక్కో కొడుక్కి 14, కూతురికి 7. కూడి చూడండి, సరిగ్గా 40.

ఈ పంపకానికీ కంప్యూటరుకూ ఏమిటి సంబంధమని పాఠకులు అడగవచ్చు. కంప్యూటరు ఏ పని చేయాలన్నా ముందుగా దానికి ఒక క్రమం చెప్పాలి. మొదట ఇది చేయి, తర్వాత అది చేయి, ఫలితం ఇలా వస్తే ఇటు వెళ్లు అని. ఆ క్రమాన్ని అల్గారిథమ్ అంటారు. ఆ మాట ఒక మనిషి పేరు నుంచి వచ్చింది. ఆయనే ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ. అబ్బాసీ ఖలీఫా మామూన్ (813-833) కాలంలో బాగ్దాద్‌లో పనిచేసిన గణిత పండితుడు. భారతదేశపు అంకెలతో, సున్నాతో లెక్కలు చేసే విధానాన్ని ఆయన అరబ్బీలో రాశాడు. అది భారతీయుల లెక్క అని దాచకుండా చెప్పాడు. ఆ అరబ్బీ మూలం నేడు మనకు దక్కలేదు. లాటిన్ అనువాదాల్లో ఆయన పేరు అల్గోరిజ్మిగా మారి, చివరికి ఆ లెక్కల పద్ధతికే పేరైపోయింది.

ఆయన రాసిన మరో గ్రంథం 'అల్ జబ్ర్ వల్ ముఖాబలా'. ఆల్జీబ్రా అన్న మాట దాని నుంచే పుట్టింది. బడిలో ఎక్స్, వైలతో మన పిల్లల్ని భయపెట్టే ఆల్జీబ్రా అందులో లేదు. గుర్తులు లేవు, అంతా మాటల్లోనే. తెలియని రాశిని 'వస్తువు' అంటాడు. ఆ గ్రంథంలో దాదాపు సగం వారసత్వం, వసీయతుల లెక్కలే! వ్యాపారంలో, భూమి కొలతలో, ఆస్తి పంపకంలో జనానికి పనికివచ్చే లెక్కలు చెప్పడమే ఆయన ఉద్దేశం. 1145లో చెస్టర్ రాబర్ట్ దాన్ని లాటిన్‌లోకి అనువదించినప్పుడు ఆ వారసత్వ భాగం వదిలేశాడు. యూరపు చదువుకున్న ఆల్జీబ్రాలో విధవరాలి వాటా, కూతురి వాటా లేకుండా పోయాయి.

ఆనాటి లెక్కల పరికరం ఏమిటనుకున్నారు? దుమ్ము పరిచిన పలక. దానిమీద వేలితోనో పుల్లతోనో అంకెలు రాస్తూ, చెరుపుతూ, వాటి చోట కొత్తవి రాస్తూ పోయేవారు. మన వీధిబడుల్లో ఇసుకలో అక్షరాలు దిద్దించిన కాలాన్ని పెద్దలు చెప్పగా విన్నవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. లెక్క ముగిసేసరికి పలక మీద జవాబు ఒక్కటే మిగులుతుంది, దారి చెరిగిపోతుంది. హిజ్రీ 341 (952-53)లో డమాస్కస్‌లో అల్ ఉఖ్లీదిసీ అనే పండితుడు దుమ్ము పలక మానేసి కాగితం, సిరాతో లెక్క చేసే పద్ధతులు రాశాడు. వీధుల్లో జ్యోతిషం చెప్పి బతికేవారి చేతుల్లో కనిపించే పలక అది, మర్యాదస్తులకు తగదు అన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి! కారణం ఏదైనా మేలు మాత్రం పెద్దది. కాగితం మీద ప్రతి మెట్టూ నిలిచి ఉంటుంది. అనుమానం వచ్చినవారు మొదటి నుంచి సరిచూసుకోవచ్చు.

ఇక యంత్రాల సంగతి. పళ్ల చక్రాలతో ఖగోళ లెక్కలు చేయడం గ్రీకులకు ముందే తెలుసు. సముద్రగర్భంలో దొరికిన అంటికిథెరా యంత్రపు తునకలే సాక్ష్యం. అల్ బీరూనీ ఎనిమిది చక్రాలతో సూర్యచంద్రుల గతిని చూపే పెట్టెను వర్ణించాడు. అందులో 59 పళ్ల చక్రాలున్నాయి. ఎందుకు 59? చాంద్రమాసం ఒకటి 29 రోజులు, ఒకటి 30 రోజులు. రెండూ కలిస్తే 59. రంజాన్ నెలవంక కోసం మిద్దెలెక్కేవారికి ఈ లెక్క వేరే చెప్పాలా? అదే తీరులో ఇస్ఫహాన్‌కు చెందిన ముహమ్మద్ బిన్ అబీబక్ర్ హిజ్రీ 618 (1221-22)లో చేసిన ఇత్తడి ఉస్తుర్లాబ్ ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో చక్రాలతో సహా భద్రంగా ఉంది. తిప్పితే వెనుకవైపు చిన్న కిటికీలో చంద్రకళ మారుతుంది. మన హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఖగోళ పరికరాలున్నాయి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో సంస్కృతాచార్యులుగా పనిచేసిన శ్రీరాముల రాజేశ్వర శర్మ వాటిపై పుస్తకం రాశారు.

అంతమాత్రాన కంప్యూటర్ని మనవాళ్లే కనిపెట్టారనడం అతిశయోక్తి. పన్నుల లెక్కలతో సతమతమయ్యే తండ్రి కోసం ఫ్రాన్సులో పాస్కల్ 1642లో కూడికల యంత్రం మొదలుపెట్టాడు. ఇంగ్లండులో బాబేజ్ పందొమ్మిదో శతాబ్దంలో, క్రమాన్ని చిల్లుల అట్టలతో అందుకునే యంత్రాన్ని ఊహించాడు గాని పూర్తి చేయలేకపోయాడు. ఎలక్ట్రానిక్ యంత్రాలు ఇరవయ్యో శతాబ్దానివి.

నేడు వారసత్వపు వాటాలు చెప్పే ప్రోగ్రాములూ వచ్చాయి. వారసుల వివరాలు నింపితే క్షణంలో జవాబు. దుమ్ము పలక లాగే చాలాసార్లు అక్కడా కంటికి కనబడేది జవాబు ఒక్కటే. మొదట చెప్పుకున్న ఇంటినే తీసుకోండి. కూతురి గడిలో ఒకటికి బదులు సున్నా నొక్కారనుకుందాం. ఆస్తి 16 వాటాలవుతుంది. భార్యకు 2, కొడుకులకు ఏడేసి. కూడితే సరిగ్గా 16. యంత్రం ఎక్కడా తప్పు పట్టదు. పెళ్లిలో ఇచ్చింది చాల్లే అని ఆడపిల్ల పేరు ఎత్తని ఇళ్లు మనలో లేకపోలేదు. ఆ ఇళ్లలో ఈ 16 వాటాల కాగితం చూసి లెక్క సరిపోయిందనే అంటారు.