రేడియేటరు చల్లబడితే

చలికాలంలో పిల్లల దగ్గరకు విదేశాలు వెళ్లే పెద్దలు మన సంఘంలో పలువురున్నారు గనుక ఇది వ్రాస్తున్నాను.

మొన్న పుష్యమాసంలో ఇంగ్లండులో, లీడ్సులో మా అమ్మాయి ఇంట ఉన్నాను. పాత ఇల్లు. మేడమీది గదిలో గోడవారనున్న రేడియేటరు అడుగున కాలుతోంది, పైభాగం మాత్రం మంచుగడ్డ. పక్కనే తొమ్మిది నెలల మనుమడి తొట్టి. బొగ్గుల కుంపటి పెడదామన్నాను. అమ్మాయి నోరు మూయించింది. తలుపులు బిగించిన గదిలో కుంపటినుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణం మాత్రం తీస్తుంది. ఇంత వయసొచ్చి ఆ సంగతి నాకు తట్టనే లేదు!

బాయిలరులో కాగిన నీరు గొట్టాలవెంట ఈ రేడియేటర్లలో తిరుగుతుంది. లోపల గాలి చేరితే పైకెక్కి కూర్చుంటుంది. నీటికి అక్కడ చోటుండదు. మా అల్లుడు బాయిలరు ఆపి, నీరు చల్లారనిచ్చి, అడుగున గిన్నె, గుడ్డ పట్టి, పైకొసనున్న చిన్న మరను దాని తాళంచెవితో అరచుట్టు ఎడమకు తిప్పాడు. బుస్సుమని గాలి పోయి నీరు చిమ్మగానే బిగించేశాడు. ప్రెషరు ముల్లున్న బాయిలరయితే అదీ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా 1 నుండి 1.5 బార్ ఉండాలి. తగ్గితే నీరు నింపాలి.

పైన వేడి, అడుగున నడిమధ్య చల్లన అయితే జబ్బు వేరు. తుప్పు నల్లని మడ్డిగా పేరుకొన్నదన్నమాట, కడిగించవలసిందే. ఒకే రేడియేటరులో మాటిమాటికి వాయువు చేరుతున్నా తుప్పునే అనుమానించాలి. అది గాలి కాక హైడ్రోజను కావచ్చు. అగ్గిపుల్ల దరికి తీసుకుపోరాదు.

బాయిలరు మూత మాత్రం మనం విప్పరాదు. బ్రిటనులో గ్యాసు పనికి గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్న మనిషినే పిలవాలి.

గంట తిరక్కుండా పైభాగమూ కాగింది. తొట్టిని మాత్రం కిటికీ దగ్గరనుండి ఇవతలికి జరిపించాను.