వేరుసెనగ బూజు, కాలేయపు క్యాన్సరు

నంబులపూలకుంట, కదిరి, ధర్మవరము ప్రాంతముల మెట్టభూములకు వేరుసెనగయే ప్రాణాధారము. కాయ ఊరు వేళకు వానలు ముఖము చాటువేసి, నేల వేడెక్కి, బెట్టకు వడలిన కాయలు పగుళ్లు వాఱినప్పుడు, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను పసుపుపచ్చని బూజు గింజలోనికి చొరబడి, అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండున బూజుపట్టిన వేరుసెనగ పిండి కలిసిన దాణా తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు మరణించినప్పుడు గాని ఈ విషము శాస్త్రజ్ఞుల కంటఁబడలేదు.

విచిత్రమేమన, ఆహారముతో ఒడలఁజేరిన ఈ విషమును వెడలగొట్టుటకై కాలేయము చేయు ప్రయత్నములోనే అది మఱింత తీక్ష్ణరూపము దాల్చి, డి.ఎన్.ఏ.లోని గ్వానిన్ అను అక్షరమును అంటుకొనును. ఆ దోషము సవరింపబడకమునుపే కణము రెండుగా చీలినచో, గ్వానిన్ ఉండవలసిన చోట థైమిన్ చేరును. పి53 అను జన్యువు 249వ సంకేతమున ఈ మార్పు పదే పదే కనిపించుచున్నదని 1991లో చైనా, ఆఫ్రికా దక్షిణభాగపు రోగుల కాలేయపు కణితులను పరీక్షించినవారు వెల్లడించిరి. చెడిన కణమును విభజింపనీయక నిలుపుట, అవసరమైన అంతమొందించుట పి53 ధర్మము. ఆ కావలి తొలగినచో, ఏండ్ల తరబడి మఱికొన్ని దోషములు పేరుకొని కణితి రూపొందును. హెపటైటిస్ బి వైరసు కూడ తోడైనచో అపాయము అనేక రెట్లు పెరుగును.

కణితి తన ఉపరితలమున పి.డి.ఎల్.1 అను ప్రోటీనును నిలిపి, రక్షకములైన టి కణములను నిర్వీర్యము చేయుచుండును. ఇట్టి అడ్డంకులను తొలగించు మార్గము చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమానము లభించినది. పి.డి.ఎల్.1ను అడ్డగించు అటెజోలిజుమాబ్, కణితికి క్రొత్త రక్తనాళములు ఏర్పడకుండఁజేయు బెవసిజుమాబ్ కలిపి యిచ్చినచో, ముదిరిన కాలేయపు క్యాన్సరు రోగులు పూర్వపు మందగు సొరాఫెనిబ్ తీసికొన్నవారికంటె ఎక్కువ కాలము జీవించుచున్నారని 2020లో తేలినది. అయినను ఈ మందులు అందఱికిని పనిచేయవు. వ్యయము సైతము అధికము.

కావున మన చేతిలోనున్న నివారణను నిర్లక్ష్యము చేయుట క్షమార్హము కాదు. పెఱికిన చెట్లను కాయలు పైకి వచ్చునట్లు పఱచి, ఆడించినప్పుడు గింజ గలగలలాడు వఱకు కాయను ఎండబెట్టి, తేమ తగలని చోట నిలువచేయవలెను. బూజుపట్టిన, ముడుతలు పడిన, రంగు మాఱిన గింజలను ఏఱివేయవలెను. వేయించినను ఉడికించినను విషము పూర్తిగా నశింపదు గనుక, వానిని ఇంటి వాడుకకని మిగుల్చుకొనరాదు. పుట్టిన బిడ్డకు హెపటైటిస్ బి టీకా తప్పక వేయింపవలెను. కళ్లములోనే అరికట్టఁదగిన క్యాన్సర్లు బహు స్వల్పము. వానిలో ఇది యొకటి.