మన ఊరి పనికి సర్కారు నిధులు: ఏది ఎక్కడ అడగాలి, ఏ కాగితం ఇవ్వాలి

జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ప్రజల కోసం

పింఛను, రేషన్ కార్డు, ఇల్లు మీ పేరు మీద వచ్చే పథకాలు. వాటికి దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో మీకు తెలుసు. కానీ ఊరందరికీ కావాల్సిన పనులు వేరే ఉంటాయి: కాలనీలో మురుగు కాల్వ, బడికి ప్రహరీ గోడ, వాడకు మంచినీళ్ల ట్యాంకు, శ్మశానానికి దారి. వీటికి ఎవరి ఆధార్ కార్డూ పనికిరాదు. మరి పైసలు ఎక్కడి నుంచి వస్తాయి?

ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఊరి పనికి ఇచ్చే నిధి మనిషికి రాదు, పనికి వస్తుంది. ఆ పని పేరు ఊరి ప్రణాళికలో ఎక్కి ఉండాలి. ఎక్కకపోతే, ఖాతాలో డబ్బు ఉన్నా మీ పని వెనకబడుతుంది. అడిగి, కాగితం మీద ఎక్కించుకున్న వాడకే పని ముందు వస్తుంది.

1. మొదటి మెట్టు గ్రామసభ

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ పెట్టాలి. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. వచ్చే ఏడాదికి కావాల్సిన పనులతో గ్రామపంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారవుతుంది. 2018 నుంచి ప్రతి ఏటా అక్టోబర్ 2 ప్రాంతంలో ఈ ప్రణాళికల కార్యక్రమం మొదలవుతోంది. ఆమోదించిన ప్రణాళికను ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో పెడతారు. మీ ఊరి పేరు కొట్టి ఫోన్‌లోనే చూడొచ్చు.

"మా వాడను అభివృద్ధి చేయాలి" అని రాస్తే ఆ తీర్మానంతో ఏ ఇంజినీరూ ఏమీ చేయలేడు. "ఎస్సీ కాలనీలో అంగన్‌వాడీ కేంద్రం నుంచి పెద్ద కాల్వ దాకా 120 మీటర్ల సిమెంటు మురుగు కాల్వ" అని రాయించండి. ఎక్కడ, ఏమిటి, ఎంత అనే మూడూ ఉండాలి. తీర్మానం నకలు పంచాయతీ కార్యదర్శి దగ్గర అడిగి తీసుకోండి.

2. పంచాయతీకి వచ్చే కేంద్ర నిధులు

కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు గ్రామపంచాయతీకి వస్తుంది. 15వ ఆర్థిక సంఘం కాలంలో, అంటే 2021-22 నుంచి 2025-26 వరకు, ఇందులో 60 శాతం ఖర్చుకు హద్దు ఉంది. 30 శాతం పారిశుధ్యానికి, 30 శాతం తాగునీరు, వాన నీటి సంరక్షణ వంటి వాటికి వాడాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు కానీ, జీతాలకు వాడకూడదు. అందుకే తాగునీటి పనికి, మురుగు కాల్వకు నిధి దొరకడం సులువు. 2026 ఏప్రిల్ 1 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. అప్పటి వాటాలు ఎంతో మీ కార్యదర్శిని అడగండి.

ఈ గ్రాంటుకు ఒక షరతు ఉంది: ఎన్నికైన పాలకవర్గం ఉండాలి. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చాక, ఈ షరతు వల్లే కేంద్ర గ్రాంటు ఆగింది. 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో ఎన్నికలు జరిగి కొత్త పాలకవర్గాలు వచ్చాయి. అప్పట్లో ఆగిపోయిన పని ఉంటే, పాత తీర్మానం ఉంది కదా అని ఊరుకోకండి. కొత్త గ్రామసభలో మళ్లీ పెట్టించండి.

రెండు నిధులు కలిపి కూడా ఒక పని చేయొచ్చు. స్వచ్ఛ భారత్ రెండో దశలో సామూహిక మరుగుదొడ్ల సముదాయానికి రూ. 3 లక్షల వరకు ఇస్తారు. అందులో 70 శాతం స్వచ్ఛ భారత్ నుంచి, 30 శాతం ఆర్థిక సంఘం గ్రాంటు నుంచి.

3. ఎంపీ, ఎమ్మెల్యే నిధులు

ప్రతి ఎంపీకి ఏటా రూ. 5 కోట్ల మేర పనులు సిఫార్సు చేసే అవకాశం ఉంది. ఈ పథకం 1993 డిసెంబర్‌లో మొదలైంది. ఎంపీ సిఫార్సు మాత్రమే చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. మొత్తంలో 15 శాతం ఎస్సీలు ఉండే ప్రాంతాలకు, 7.5 శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకు సిఫార్సు చేయాలి. అంటే ఏటా రూ. 75 లక్షలు, రూ. 37.5 లక్షలు. గుడి, మసీదు, చర్చి పనులకు, సొంత భూమిలో పనులకు, ఒక్కరికే లాభమయ్యే పనులకు ఈ నిధి రాదు.

మన మూడు జిల్లాల్లో ఎక్కువ భాగం నాగర్‌కర్నూల్ లోక్‌సభ కిందికి వస్తుంది. గద్వాల, అలంపూర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపూర్ అసెంబ్లీ స్థానాలు అందులోవే. వనపర్తి జిల్లాలోనే ఉన్నా ఆత్మకూరు, కొత్తకోట వైపు ఊళ్లు మహబూబ్‌నగర్ లోక్‌సభ కింద ఉన్నాయి. మీ వినతిపత్రం సరైన ఎంపీకే వెళ్తోందా చూసుకోండి.

ఎమ్మెల్యేలకు నియోజకవర్గ అభివృద్ధి నిధి ఉంటుంది. ఎంపీ, ఎమ్మెల్యే నిధుల ఫైళ్లు కలెక్టరేట్‌లో ముఖ్య ప్రణాళిక అధికారి కార్యాలయం చూస్తుంది. సిఫార్సు లేఖ వచ్చాక అక్కడే వాకబు చేయండి.

4. ఎస్సీ, ఎస్టీ వాడలకు, చెంచు పెంటలకు

ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017 కింద ప్రతి శాఖ బడ్జెట్‌లో వాటా ఉంటుంది. ఎస్సీలు ఎక్కువగా ఉన్న గ్రామాలకు కేంద్రం ఆదర్శ గ్రామ పథకం కింద లోటు పనులకు రూ. 20 లక్షలు ఇస్తుంది. మీ ఊరు జాబితాలో ఉందో లేదో జిల్లా షెడ్యూల్డ్ కులాల అభివృద్ధి శాఖలో అడగండి.

నల్లమలలో చెంచులకు 2023 నవంబర్ 15న మొదలైన పీఎం జన్‌మన్ ఉంది. ఇళ్లు, రోడ్లు, తాగునీరు, అంగన్‌వాడీ, బహుళ ప్రయోజన కేంద్రం వంటి పనులు ఇందులో వస్తాయి. వాకబు చేయాల్సింది మన్ననూరు ఐటీడీఏలో. "అది అడవి భూమి, పని కుదరదు" అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. అటవీ హక్కుల చట్టం 2006లోని 3(2) సెక్షన్ ప్రకారం బడి, రోడ్డు, తాగునీరు, కరెంటు లైను వంటి 13 రకాల పనులకు అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికి హెక్టారు లోపు ఉండాలి, గ్రామసభ సిఫార్సు చేయాలి.

గద్వాల జిల్లా గట్టు మండలం నీతి ఆయోగ్ ఆకాంక్షిత బ్లాకుల్లో ఒకటి. ఆరోగ్యం, పోషణ, చదువు పనులు అడిగేటప్పుడు ఆ మండలం వాళ్లు ఈ విషయం వినతిపత్రంలో రాయాలి.

5. బడి పనులు

2022 మార్చి 8న వనపర్తిలో 'మన ఊరు - మన బడి' మొదలైంది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. వీటికి గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెడ్మాస్టర్ కన్వీనర్. నీళ్లు, మరుగుదొడ్లు, చిన్న మరమ్మతులు ఈ కమిటీ ద్వారా అడగాలి. పథకం పేరు మారుతూ ఉంటుంది. మీ బడికి ఏం కావాలో రాసిన కాగితం సిద్ధంగా ఉంటే, ఏ పథకం వచ్చినా అది పనికొస్తుంది.

6. గ్రాంటు వేరు, లోను వేరు

గ్రాంటు తిరిగి కట్టక్కర్లేదు, లోను కట్టాలి. వ్యవసాయ మౌలిక వసతుల నిధి అంటే గ్రాంటు కాదు. రూ. 2 కోట్ల దాకా బ్యాంకు లోను మీద 3 శాతం వడ్డీ రాయితీ. చిన్న ఆహార పరిశ్రమల పథకంలో మహిళా సంఘానికి సభ్యురాలికి రూ. 40,000 చొప్పున సీడ్ క్యాపిటల్ వస్తుంది. అది సమాఖ్యకు గ్రాంటుగా వచ్చినా, సభ్యురాలి చేతికి లోనుగానే అందుతుంది. సంతకం పెట్టే ముందు "ఇది తిరిగి కట్టాలా?" అని అడగండి.

7. ఫైలులో ఉండాల్సిన ఐదు కాగితాలు

• గ్రామసభ తీర్మానం నకలు
• స్థలం సర్కారుదో పంచాయతీదో తెలిపే కాగితం. ఎవరైనా స్థలం దానం చేస్తే నోటి మాట సరిపోదు, రిజిస్టర్ కావాలి
• పంచాయతీరాజ్ ఏఈ వేసిన ఎస్టిమేటు
• పని జరగాల్సిన చోటు ఫొటోలు
• పని అయ్యాక కరెంటు బిల్లు, మరమ్మతులు ఎవరు చూస్తారో రాసిన హామీ

8. ఫైలు ఆగిపోతే

సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద "మా తీర్మానం మీద ఏం చర్య తీసుకున్నారు?" అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు ఫీజు లేదు. మండల స్థాయిలో రూ. 5, జిల్లా స్థాయిలో రూ. 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా ఫీజు లేదు.

9. జాగ్రత్త

"ఢిల్లీ నుంచి మీ సంఘానికి గ్రాంటు వచ్చింది, ముందు ప్రాసెసింగ్ ఫీజు పంపండి" అని ఫోన్ వస్తే అది మోసం. ఊరి పనుల నిధికి ముందస్తు ఫీజు ఉండదు, ఏజెంటు అక్కర్లేదు, ఓటీపీ చెప్పాల్సిన పని లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇప్పుడు చేయాల్సింది: వచ్చే గ్రామసభ ఎప్పుడో కార్యదర్శిని అడగండి. వాడవాళ్లంతా కూర్చుని అన్నిటికంటే ముందు కావాల్సిన ఒక్క పని తేల్చుకోండి. దాన్ని ఎక్కడ, ఏమిటి, ఎంత అని రాసి, పదిమంది కలిసి వెళ్లి సభలో చదివించండి.