ఎన్ని మిసైల్స్ మోస్తుంది?

హాస్టల్లో ఫైటర్ జెట్ల మీద వాదన మొదలైతే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే. రఫేల్‌కి 14 హార్డ్‌పాయింట్లు, సుఖోయ్-30 ఎంకేఐకి 12. అంటే రఫేల్ గెలిచినట్టేనా? అంత సింపుల్ కాదు.

హార్డ్‌పాయింట్ అంటే రెక్కల కింద, పొట్ట కింద ఆయుధాలు తగిలించే చోటు. ఒక్కో చోటుకి ఒక్కో బరువు పరిమితి ఉంటుంది. దూరం వెళ్ళాలంటే కొన్నిచోట్ల ఇంధన ట్యాంకులు పెట్టాలి, అప్పుడు మిసైల్స్‌కి చోటు తగ్గుతుంది. పైగా బయట వేలాడే ప్రతిదీ గాలికి అడ్డమే, శత్రువు రాడార్‌కి ఆనవాలే. అందుకే ఎఫ్-35 ఎవరికీ కనపడకుండా వెళ్ళాల్సి వస్తే మిసైల్స్‌ని కడుపులోనే దాచుకుంటుంది.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. విమానం నుంచి వదిలే బ్రహ్మోస్ బరువు 2.5 టన్నులు. సుఖోయ్ మొత్తం 8 టన్నుల దాకా మోస్తుంది కదా, మూడు తగిలించొచ్చు అనుకుంటాం. కానీ మోసేది ఒక్కటే, అదీ పొట్ట కింద. ఆ ఒక్కదాని కోసం కూడా హెచ్‌ఏఎల్ వాళ్ళు విమానంలో మెకానికల్, ఎలక్ట్రికల్ మార్పులు చేయాల్సి వచ్చింది. 2017 నవంబర్ 22న బంగాళాఖాతంలో మొదటిసారి ప్రయోగించారు.

ఇక సీఎస్ఈ వాళ్ళకి నచ్చే విషయం. బరువు మోసినంత మాత్రాన పని అయిపోదు. విమానం కంప్యూటర్‌కీ మిసైల్‌కీ మాట కలవాలి. వదిలే ముందు "నువ్వు ఇప్పుడు ఇక్కడున్నావు, ఇంత వేగంతో, ఈ దిశలో వెళ్తున్నావు" అని విమానం మిసైల్‌కి చెప్పాలి. దీన్నే ట్రాన్స్‌ఫర్ అలైన్‌మెంట్ అంటారు. ఆ లెక్క తప్పితే మిసైల్ తన ప్రయాణాన్నే తప్పు చోటు నుంచి మొదలుపెడుతుంది. బ్రహ్మోస్ విషయంలో పెద్ద సవాళ్ళలో ఇదొకటి. విమానం వైపు సాఫ్ట్‌వేర్ రాసింది మన వాయుసేన ఇంజనీర్లే.

కోడ్ మన చేతిలో ఉంటే కొత్త మిసైల్‌ని మనమే కలుపుకోవచ్చు. లేకపోతే విమానం మనదే అయినా, ప్రతి మార్పుకీ అమ్మినవాళ్ళనే అడగాలి, వాళ్ళు చెప్పినంత కట్టాలి, వాళ్ళు ఇచ్చేదాకా ఆగాలి.

అందుకే ఈసారి హాస్టల్లో వాదన వస్తే "ఎన్ని మోస్తుంది?" అని ఆగిపోకండి. "కొత్తది కలపాలంటే ఎవరిని అడగాలి?" అని కూడా అడగండి.