వారంలో తెల్లగా చేస్తామంటే... తలుపు తియ్యకండి!

రాజంపేటలో ఇంటికొచ్చి ఫేషియల్ చేసే బ్యూటీషియన్‌ని నేను. పెండ్లిళ్ల సీజన్‌లో నాలాంటి వాళ్లకు ఫోన్ చేసే ముందు ఈ నాలుగు మాటలు చదవండి.

నాకు షాపు లేదు. ఒక స్కూటీ, ఒక బ్యాగు, ఒక మడత కుర్చీ, అంతే. పొద్దున మన్నూరులో ఐబ్రోస్, మధ్యాహ్నం బోయనపల్లిలో క్లీనప్, సాయంత్రం తాళ్లపాకలో పెండ్లికూతురికి వ్యాక్సింగ్. ఒక్కోరోజు నందలూరు, పుల్లంపేట దాకా కూడా పోతాను. పెద్ద సిటీల్లో ఈ పనికి అర్బన్ కంపెనీ లాంటి యాప్‌లున్నాయి. నాకు యాప్ అంటే వాట్సాపే. స్టేటస్‌లో ఫొటో పెడితే చాలు, 'అక్కా, రేపు ఖాళీనా?' అని మెసేజ్ వస్తుంది.

ఇంట్లో చేసే సింగారం మనకు కొత్తేం కాదు. నలుగు పెట్టడం, సున్నిపిండితో రుద్దడం, కాళ్లకు పారాణి... అన్నీ ఇంట్లోనే కదా జరిగేది! షహనాజ్ హుస్సేన్ అంతటామె కూడా 1970లలో ఢిల్లీలో తన ఇంట్లోనే పని మొదలుపెట్టింది. కాబట్టి షాపు లేనంత మాత్రాన మా పని తక్కువది కాదు. కాకపోతే ఒక్క తేడా ఉంది. మాకు బోర్డు ఉండదు, గోడ మీద సర్టిఫికెట్ ఉండదు. మా చేతికి మీ మొహం ఇచ్చే ముందు చూసుకోవాల్సింది మీరే.

అందరూ అడిగేది ఒక్కటే

'అక్కా, తెల్లగా అవుతానా?' పది మందిలో ఎనిమిది మంది మొదటి ప్రశ్న ఇదే. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారింది గానీ మన ఇళ్లలో ఆశ మారలేదు.

నిజం చెప్తాను. ఫేషియల్ చేస్తే పైనున్న మృతకణాలు పోతాయి, మసాజ్‌కు రక్తం బాగా ఆడుతుంది, చర్మానికి తేమ అందుతుంది. అందుకే రెండు మూడు రోజులు మెరుపు. బ్లీచ్ చేస్తే మొహం మీది నూగు వెంట్రుకల రంగు తగ్గుతుంది. పుట్టుకతో వచ్చిన రంగును మాత్రం ఏ ఫేషియలూ మార్చదు. నలభై డిగ్రీలు దాటే మన ఎండలో ఆ రంగే మనకు గొడుగు. ఇంకా కావాలంటే ఎస్పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడుగున తీసుకుని మొహానికీ మెడకూ రాసుకోండి. దానికంటే మంచి డీ-ట్యాన్ నా బ్యాగులో లేదు.

మెడికల్ షాపు ట్యూబు

పోయిన మాఘమాసంలో నందలూరు వైపు ఒక ఇంటికి పోయాను. పదిహేను రోజుల్లో పెండ్లి. గోల్డ్ ఫేషియల్, బ్లీచ్, ఫేస్ వ్యాక్స్ అన్నీ కలిపి వాళ్లమ్మ ప్యాకేజీ మాట్లాడింది. అమ్మాయి మొహం వెలుతురులో చూస్తే బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. సన్నటి నరాలు బయటికి కనిపిస్తున్నాయి. నుదుటి మీద మొటిమలు, గడ్డం దగ్గర వెంట్రుకలు.

"ఏం క్రీము పూస్తున్నావు పాపా?" అని అడిగితే దిండు కింద నుంచి ఒక ట్యూబు తీసింది. ఫ్రెండు చెప్పిందని ఎనిమిది నెలలుగా పూస్తోందంట. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్ అని రాసుంది. ఆ మూడోది స్టెరాయిడ్.

ఇలాంటివి మంగు మచ్చలకు డాక్టర్లు కొన్ని వారాలకే రాసే మందులు. స్టెరాయిడ్ పూస్తే రక్తనాళాలు ముడుచుకుంటాయి, మంట తగ్గుతుంది. వారంలో మొహం పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. మనం దాన్నే మెరుపు అనుకుంటాం. నెలలు గడిచేకొద్దీ చర్మం పల్చబడుతుంది. మానేస్తే మంట, ఎరుపు రెండింతలవుతాయి. దాంతో మళ్లీ అదే ట్యూబు! దీనికి చర్మ డాక్టర్లు 'టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్' అని పేరే పెట్టారు. 2018లో ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు.

అంత పల్చటి చర్మం మీద వ్యాక్స్ లాగితే తోలే లేచొస్తుంది. నేను చెయ్యనన్నాను. "డబ్బులిస్తామంటే చెయ్యనంటావేందమ్మా? కడప నుంచి పిలిపించుకుంటాంలే" అనింది వాళ్లమ్మ. ఆ ప్యాకేజీ నాకు ఒక నెల ఇంటి అద్దె. బ్యాగు సర్దుకుని వచ్చేశాను.

రాత్రి ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది: 'అక్కా, నిజంగా అంత డేంజరా?' క్రీము నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపొద్దు, ముందు స్కిన్ డాక్టర్‌కు చూపించు, కడప రిమ్స్‌కైనా పో అన్నాను. పోయింది. పెండ్లికి ఫేషియల్ లేదు, తేలికపాటి మేకప్ అంతే. మొహం కుదుటపడడానికి నెలలు పట్టింది. వాళ్లమ్మ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు. ఆ పాప మాత్రం చిన్నాన్న కూతురి పెండ్లికి నన్నే పిలిచింది.

కువైట్ సూట్‌కేసులో డబ్బా

మా రాజంపేట, కోడూరు వైపు కువైట్‌లో చుట్టాలు లేని ఇల్లు తక్కువ. సెలవుకు వచ్చేటప్పుడు సెంటు సీసాలు, చాక్లెట్లతో పాటు ఫేస్ క్రీములూ తెస్తారు. ప్రేమతోనే తెస్తారు. అన్నీ చెడ్డవని నేను అనను. కానీ లేబుల్ చదవండి.

తెల్లబరిచే కొన్ని క్రీముల్లో పాదరసం కలుపుతారు. అది చర్మంలోంచి ఒంట్లోకి దిగి కిడ్నీలను దెబ్బతీస్తుంది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్ డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబర్ దాకా ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. 15 మందిలో అరుదుగా కనిపించే ఒకే గుర్తు బయటపడింది. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లే! మూత్రంలో నురగ, కాళ్ల వాపు ఉంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి పోవాలి.

మన దేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం క్రీముల్లో పాదరసం కలపకూడదు. బయటి దేశం సరుకు ఇక్కడ అమ్మాలంటే డబ్బా మీద దిగుమతిదారు పేరు, అడ్రస్, రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. మెర్క్యురీ, కేలోమెల్ అనే మాటలు కనిపించినా, 'బంగారం, వెండి నగలకు తగలనివ్వకండి' అని రాసున్నా ఆ డబ్బా పక్కన పెట్టండి. నగ పాడయ్యేది మొహానికి మేలు చేస్తుందా?

మా భయాలు మాకూ ఉన్నాయి

తెలియని ఇంటికి పోవడం మాకూ అంత తేలిక కాదు. మగవాళ్లు ఫోన్ చేసి అడ్రస్ చెప్తే, "ఇంట్లో ఆడవాళ్లకు ఫోన్ ఇవ్వండన్నా" అంటాను. ఇవ్వకపోతే పోను. పోయే ప్రతి ఇంటి లొకేషన్ మా చెల్లెలికి పంపిస్తాను. రాత్రి ఏడు దాటితే కొత్త ఇంటికి పోను. మీరు మాకు ముందే అడ్రస్, ఇంట్లో ఎవరుంటారో చెప్తే సగం దిగులు తగ్గుతుంది.

బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి

• దారం: ఐబ్రోస్‌కు ప్రతి మనిషికీ కొత్త దారం. నోట్లో కాకుండా మెడకు తగిలించుకుని చేసేవాళ్లు ఇంకా మేలు.

• వ్యాక్స్: పుల్ల ఒకసారి ఒంటికి తగిలాక మళ్లీ డబ్బాలో ముంచకూడదు. రెటినాల్ క్రీము వాడుతుంటే ముందే చెప్పండి.

• ప్యాచ్ టెస్ట్: బ్లీచ్ అయినా, హెయిర్ డై అయినా చెవి వెనక కొంచెం పూసి 48 గంటలు చూడాలి. 'టైం లేదక్కా' అంటే పని వద్దనుకోండి.

• గోరింటాకు: అరగంటలో నల్లగా పండే కోన్‌లో పీపీడీ అనే రసాయనం ఉండొచ్చు. బొబ్బలొస్తాయి. అసలు గోరింటాకు ఎర్రగానే, నిదానంగా పండుతుంది.

• టైం: కొత్త ఫేషియల్ ఏదైనా పెండ్లికి నెల ముందు ఒకసారి చేయించుకుని చూడండి. బ్లీచ్ వారం ముందు. చివరి రెండు రోజుల్లో కొత్త ప్రయోగాలు వద్దు.

• డబ్బాలు: సీలు మీ ముందే తియ్యమనండి. పేరు లేని డబ్బాలో తెచ్చిన 'స్పెషల్ క్రీము' వద్దని చెప్పండి.

ఇవన్నీ అడిగితే బ్యూటీషియన్ ఏమనుకుంటుందోనని మొహమాటపడొద్దు. పని తెలిసినవాళ్లు నవ్వుతూ జవాబిస్తారు. చిరాకు పడితే ఇంకొకరికి ఫోన్ చెయ్యండి. మా ఊళ్లో ఈ పని చేసేది నేనొక్కదాన్నే కాదు. మీకు మాత్రం ఉండేది ఒకే మొహం.